ఓడిపోయిన వారికే: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యం రాసింది నేనే. సొంత పద్యానికి సొంత టీక రాసుకున్నాడంటే లోకానికి చులకన. అందుకని ఇక మీదట ఎవరో పరాయివాణ్ణి అన్నట్టు "కవి" అనే అంటాను, పాఠకులు సర్దుకుపోవాలి. రచనాస్థలం అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్, మా అమ్మాయి వాళ్ల హాల్లో సోఫా. కాలం 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఆరు నెలల ముద్ర కొట్టించుకుని వచ్చిన తల్లిదండ్రులకు సాయంత్రం నడక అయ్యాక మిగిలేది టీవీ. రిమోటేమో పన్నెండేళ్ల మనవడి చేతిలో ఉంటుంది. ఆ విధంగా ప్రవచనాల బదులు బాస్కెట్‌బాల్ ప్రాప్తించింది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. ఏది కనబడ్డా ప్రతిపదార్థం రాయకపోతే చెయ్యి ఊరుకోదు.

సందర్భం ఇది. ఎన్‌బీఏ అనే లీగులో 30 జట్లు. తలా 82 ఆటలు ఆడాక 16 జట్లు ప్లేఆఫ్స్‌కు పోతాయి, మిగిలిన 14 లాటరీకి పోతాయి. కాలేజీల నుంచీ విదేశాల నుంచీ వచ్చే కొత్త కుర్రాళ్లను ముందు ఎవరు ఏరుకోవాలో ఆ లాటరీ చెబుతుంది. ఏరుకునే రోజు పేరు డ్రాఫ్ట్. మన ఇళ్లలో అర్థమయ్యేలా చెప్పాలంటే తలకిందుల ఎంసెట్ కౌన్సెలింగు: ర్యాంకు ఎంత అడుగున ఉంటే సీటుకు అంత ముందు పిలుపు.

మూలం

ఓడిపోయిన వారికే యొడ్డు దొరకు
బంతు లొకనాల్గు బుడగలో పైకి లేచు
జోస్యములు వ్రాయు వారలు సొక్కిపోవ
నూటి కొకటైన యాశయే నోటి ముద్ద

ప్రతిపదార్థం

ఓడిపోయిన వారికే = పరాజితులకు మాత్రమే; ఒడ్డు = తీరము, మరియు పందెమందు కాయు ధనము; దొరకు = లభించును; ఒక నాల్గు బంతులు = నాలుగు టేబుల్ టెన్నిస్ బంతులు; బుడగలో = పారదర్శకమైన యంత్రపు బుర్రయందు; పైకి లేచు = గాలిచేత నెగయును; జోస్యములు వ్రాయువారలు = మాక్ డ్రాఫ్టుకారులు; సొక్కిపోవన్ = మూర్ఛిల్లగా, లేక పరవశింపగా; నూటికి ఒకటైన = శతాంశ మాత్రమైన; ఆశయే = కోరికయే; నోటి ముద్ద = నోటికందిన కబళము (అగును).

తాత్పర్యం: ఓడినవాడికి బంతులు కలిసొస్తే అందరి లెక్కలూ తప్పుతాయి. తాత్పర్యం ఇంతే. అసలు సంగతి వ్యాఖ్యలో ఉంది.

మొదటి పాదం

"ఒడ్డు" దగ్గర శ్లేష. ఓడ మునిగినవాడికి ఒడ్డు దొరికిందని ఒక అర్థం, పందెంలో ఒడ్డిన సొమ్ము దక్కిందని ఇంకొకటి. రెంటికీ ఉదాహరణ మా అమ్మాయి వాళ్ల ఊరి జట్టే, డాలస్ మావరిక్స్. 2024లో ఈ జట్టును ఫైనల్స్ దాకా మోసుకెళ్లినవాడు లూకా డాంచిచ్ అనే స్లొవేనియా కుర్రాడు. 2025 ఫిబ్రవరి 1 రాత్రి, జనం పక్కలెక్కే వేళకి, అతణ్ణి లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చేసి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకున్నారని వార్త. మనవడు సోమవారం బడికి వెళ్లనన్నాడట. "ఎవరైనా పోయారేమో అనుకున్నాను నాన్నా," అంది మా అమ్మాయి. ఏప్రిల్ 9న లూకా లాస్ ఏంజెలెస్ చొక్కాలో, అదే పాత 77 అంకెతో డాలస్ వచ్చి ఆడాడు. ఆటకు ముందు అతని పాత రోజుల వీడియో వేస్తే బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు, తరవాత లేచి 45 పాయింట్లు కొట్టాడు. నేను వచ్చిన వారానికి చూసిన మొదటి ఆట అది. కరుణానికీ వీరానికీ మధ్య విరామం ఇంత తక్కువ ఉన్న ఘట్టం నేను పాఠం చెప్పిన పుస్తకాల్లో లేదు.

డాలస్ 39 గెలిచి 43 ఓడింది. ప్లేఆఫ్స్‌లోకి దొడ్డిదారి లాంటి ప్లే-ఇన్ ఆటల్లో ఒకటి గెలిచి, ఏప్రిల్ 18న రెండోది మెంఫిస్ చేతిలో ఓడింది. ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా తినలేదు. కవి మొదటి పాదం రహస్యం ఇక్కడుంది: ఆ రాత్రి గెలిస్తే లాటరీలో డాలస్ పేరే ఉండదు.

ఆక్షేపణ: అయితే అందరూ ఓడిపోవచ్చు కదా? సమాధానం: ఓడుతున్నారు కూడా. దాన్ని ట్యాంకింగ్ అంటారు. మంచి ఆటగాడికి నడుం నొప్పని బెంచీ మీద కూర్చోబెట్టడం అందులో ఒక ప్రక్రియ. ఆడగలిగినవాణ్ణి ఆడించలేదని 2025 మార్చిలో యూటా జట్టుకు లీగు లక్ష డాలర్ల జరిమానా వేసింది. యూటా ఆ ఏడు 17 గెలిచి 65 ఓడి అందరికన్నా అడుగున నిలిచింది. లాటరీలో దక్కింది అయిదో వంతు. మనస్ఫూర్తిగా ఓడినవాడికి ఒడ్డు దొరకలేదు. పాదంలో "వారికే" అన్న అవధారణం ఓడినవారందరికీ వర్తించదని గ్రహించాలి.

రెండో పాదం

"బంతులొకనాల్గు" అనడంలో కవి లెక్క తప్పలేదు. 1 నుంచి 14 దాకా అంకెలున్న 14 బంతుల్ని యంత్రంలో వేసి గాలి కొడతారు. నాలుగు పైకి వస్తాయి. వరసతో పని లేకుండా 14లో నాలుగు తీసే విధాలు 1001. అందులో ఒకటి పక్కన పెట్టి మిగిలిన 1000 జట్లకు పంచుతారు. 2025లో అడుగున ఉన్న ముగ్గురికీ తలా 140. డాలస్ వాటాకు 18. ఈ తంతు మూసిన గదిలో, చేతుల్లో ఫోన్లు లేని కొద్దిమంది ఎదుట జరుగుతుంది. టీవీలో మనం చూసేది ఆ తరవాత కవర్లు విప్పే వేడుక మాత్రమే.

"బుడగ" అన్న మాట మీద పూర్వం ఒక వివాదం ఉంది. 1985లో లాటరీ మొదలైనప్పుడు యంత్రం లేదు, గుండ్రటి డొల్లలో ఏడు కవర్లు. న్యూయార్క్ జట్టుకు మొదటి వంతు వచ్చి పాట్రిక్ యూయింగ్ దక్కాడు. ఆ కవరును ముందే ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారనీ, తీసే పెద్దమనిషి చేతికి చలి తగిలిందనీ ఒక ఐతిహ్యం. నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. ఇది ప్రక్షిప్తమని నా అభిప్రాయం. కానీ ప్రక్షిప్తాలే ఎక్కువ మందికి కంఠస్థంగా ఉంటాయి.

మూడో పాదం

పద్యానికి ప్రాణం ఇక్కడుంది, అందుకని కాస్త ఆగుతాను.

వ్యాఖ్యాతల్లో మన మెదక్ సీమవాడు మల్లినాథసూరి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి రాశాడు. ఎవరు ఎవరిని ఏరుకుంటారో ముందే రాసిపెట్టే మాక్ డ్రాఫ్టుకారులది దీనికి సరిగ్గా ఎదురు సంప్రదాయం. మూలం ఇంకా పుట్టలేదు. వీరు వ్యాఖ్య పూర్తి చేసి రెండో ముద్రణలో ఉంటారు. లాటరీ కాకముందు ఒకటి, అయ్యాక ఒకటి, షికాగోలో కొలతలు తీశాక ఇంకొకటి. ముందు రాసింది తప్పని ఎవరూ క్షమాపణ చెప్పరు, "సవరించిన ప్రతి" అంటారు.

కొలతల సంగతి చెప్పాలి. చెప్పుల్లేకుండా ఎత్తు, అరచేయి వెడల్పు, నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తు, ఎగిరితే అందే ఎత్తు. అన్నిటికన్నా ముఖ్యం వింగ్‌స్పాన్: రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు దూరం. "తాతయ్యా, వీడి వింగ్‌స్పాన్ చూడు!" అని మనవడు అరిస్తే, ఆజానుబాహుడు అనే మాట మనకు ఎప్పటినుంచో ఉందిరా అన్నాను. వాడు ఆ మాట నాలుగుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. మర్నాడు ఫోన్లో స్నేహితుడితో "హీ ఈజ్ సో ఆజాను" అంటున్నాడు. తెలుగు బతుకుతుందన్న నమ్మకం నాకు అలా కలిగింది.

అయితే సాముద్రికం ఒక్కటే చాలదు. ఇదే డాలస్ 2015లో 52వ వంతులో పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె నుంచి వచ్చిన సత్నామ్ సింగ్‌ను తీసుకుంది. భారతదేశంలో పుట్టి డ్రాఫ్ట్‌లో పేరు పిలిపించుకున్న మొదటివాడు, 7 అడుగుల 2 అంగుళాలు. ఎన్‌బీఏ లీగు ఆట ఒక్కటీ ఆడకుండానే అతని అధ్యాయం ముగిసింది.

అలంకారాల్లో వీరికి ఉపమ ఇష్టం. ప్రతి కుర్రాడూ ఎవరో ఒక పాత వీరుడిలా ఉంటాడు. ఉపమానం దొరక్కపోతే ఇద్దరిని కలిపి ఒకణ్ణి చేస్తారు. మరీ కుదరకపోతే "సీలింగ్ ఎత్తు, ఫ్లోర్ తక్కువ" అంటారు. ఇది ఫ్లాట్లు అమ్మేవాడి భాష, కావ్యభాష కాదు.

దోషాల్లో ప్రసిద్ధమైనది పునరుక్తి, అది పోర్ట్‌లాండ్ వారిది. 1984లో రెండో వంతు వాళ్లది. పొడుగువాడు కావాలని శామ్ బౌవీని తీసుకున్నారు. మూడో వంతులో షికాగోకు మిగిలినవాడు మైకేల్ జోర్డాన్. అప్పటికి పోర్ట్‌లాండ్‌లో క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు, అదే చోట ఆడే ఇంకొకడు దేనికి అనుకున్నారు. ఆ మాటలో తర్కం ఉంది. తర్కం ఉన్న తప్పులే ఎక్కువ కాలం గుర్తుంటాయి. సరే, ఒకసారి అయింది. 2007లో మొదటి వంతే వచ్చింది. మళ్లీ పొడుగువాడు, గ్రెగ్ ఓడెన్. మోకాళ్లు సహకరించక మొత్తం మీద 105 ఆటలు ఆడాడు. రెండో వంతులో పోయినవాడు కెవిన్ డ్యూరాంట్. చెప్పినదే చెప్పడం శాస్త్రంలో దోషం. ఇరవై మూడేళ్ల ఎడంతో చెబితే దోషమో ధారణో తేల్చలేకపోతున్నాను.

పాఠాంతరం: "సొక్కిపోవ" అన్నచోట "సొమ్ముపోవ" అని ఒక ప్రతిలో ఉంది. గణాలూ సరిపోతాయి, యతీ సరిపోతుంది, అర్థం ఇంకా బాగా సరిపోతుంది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందేలు చట్టబద్ధమయ్యాయి. ప్రతి జోస్యం పక్కనా ఇప్పుడు ఒక అంకె ఉంటుంది. 2024లో జాంటే పోర్టర్ అనే ఆటగాణ్ణి పందేల వ్యవహారంలో శాశ్వతంగా వెలివేశారు. అల్లుడుగారు ఈ పాఠాంతరం విని "మామయ్యగారూ, అది కొట్టేయండి" అన్నారు. ఎందుకో నేను అడగలేదు.

నాలుగో పాదం

మే 12 సాయంత్రం. డాలస్ అదృష్టం నిజానికి 1.8 శాతం. దశాంశం గణంలో ఇమడక కవి దాన్ని మింగేశాడు. కవులకు ఆ మాత్రం చెల్లుతుంది. 14 నుంచి కవర్లు విప్పుతూ వచ్చారు. డాలస్ పేరు రావలసిన చోట రాలేదు. అంటే మొదటి నాలుగింటిలో ఉందన్నమాట. మనవడు సోఫా మీద నిలబడ్డాడు. ఫిలడెల్ఫియా, శాన్ ఆంటోనియో పోయాక ఒక్క కవరే మిగిలింది. మా అమ్మాయి వంటింట్లోంచి చపాతీ కర్రతో పరుగెత్తుకొచ్చింది. మొదటి వంతు డాలస్‌ది. అంటే ఆ ఏడు అందరి నోటా ఉన్న కూపర్ ఫ్లాగ్, మెయిన్ రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే చిన్న ఊరివాడు, డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక్క ఏడు ఆడిన పద్దెనిమిదేళ్లవాడు, ఇక్కడికే.

ఆ రాత్రే ఐతిహ్యం మళ్లీ పుట్టింది. లూకాను ఇచ్చేసినందుకు లీగు బదులు తీర్చిందని. ఈసారి కవరు చల్లగా ఉందని మాత్రం ఎవరూ అనలేదు, బంతులు కదా.

మరొక ఆక్షేపణ

ప్లేఆఫ్స్ నడుస్తుండగా రాసిన పద్యంలో ప్లేఆఫ్స్ ఊసే లేదేం? సమాధానం: అది ధ్వని. ప్లేఆఫ్స్ అంటే పాత డ్రాఫ్టులకు ఆలస్యంగా వచ్చే టీక. ఆ ఏటి ఫైనల్స్‌లో ఓక్లహోమాను నడిపిన షై గిల్జస్-అలెగ్జాండర్ 2018లో 11వ వంతు, ఇండియానాను నడిపిన టైరీస్ హాలిబర్టన్ 2020లో 12వ వంతు. ఇద్దరినీ ముందు తీసుకున్నవాళ్లు వేరు, ఎవరి దగ్గరా నిలవకుండా చేతులు మారి వచ్చారు. ఏ మాక్ డ్రాఫ్టుకారుడూ ఇది తన రెండో ముద్రణలో వేసుకోలేదు.

మే 21న న్యూయార్క్‌లో జరిగిన ఆటలో ఒక్క బంతి చూశాను. ఆట ఆఖరి క్షణం, ఇండియానా రెండు వెనక. హాలిబర్టన్ బంతి పట్టుకుని వెనక్కి మూడు పాయింట్ల గీత దగ్గరికి పరుగెత్తి విసిరాడు. బంతి రింగు వెనక అంచుకు తగిలి నిట్టనిలువుగా లేచింది, బోర్డు కన్నా పైకి. అక్కడ కాసేపు ఉన్నట్టనిపించింది. తిరిగి అదే దారిన దిగి బుట్టలో పడింది. అతను గెలిచామనుకుని రెండు చేతులూ గొంతుకు పెట్టుకున్నాడు: 1994లో ఇదే ఊళ్లో అప్పటి ఇండియానా ఆటగాడు రెజీ మిల్లర్ చేసిన సైగ. మిల్లర్ అక్కడే కామెంటరీ చెబుతూ కూర్చున్నాడు. తీరా చూస్తే బొటనవేలు గీత మీద ఉంది. మూడు కాదు, రెండే. ఆట సమానం. అదనపు సమయంలో ఇండియానా గెలిచిందనుకోండి, కానీ సైగ మాత్రం ఒక వేలెడు ముందే అయిపోయింది.

జూన్ 22న ఫైనల్స్ ఏడో ఆట. హాలిబర్టన్ పిక్క నొప్పితోనే దిగాడు, మొదటి పావులోనే మూడు త్రీలు వేశాడు, మడమ పైన స్నాయువు తెగి కూలిపోయాడు. అరచేత్తో నేలను కొడుతూ ఉన్నాడు. ఓక్లహోమా 103-91తో గెలిచింది. మేలో వేలు, జూన్‌లో మడమ. తేటగీతికి నాలుగు పాదాలుంటాయి, అతనికి రెండే.

జూన్ 25 రాత్రి డ్రాఫ్ట్ చూశాం. జోస్యాలు ఒక్కసారి నిజమయ్యాయి, ఫ్లాగ్ మొదట పిలిచిన పేరు. అతని 32 అంకె చొక్కా కొనిపెట్టమని మనవడు వాళ్ల నాన్నను అడిగాడు. ఆర్డరు పెట్టారు. రాత్రి నీళ్లకు లేచి వాడి గది ముందు నుంచి పోతూ చూశాను: పాత 77 చొక్కా తొడుక్కుని పడుకున్నాడు. దానికి టీక రాయలేదు.