బొంగులో కోడికి పద్నాలుగు అంకెలు

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 దేశంలో ఎవరు ఏది వండి అమ్మినా వర్తించే శాసనం కాబట్టి, విశాఖ సముద్రతీరంలోని నక్షత్రాల హోటలు వంటశాలనూ, అరకులోయలో చాపరాయి దారి పక్కన నిప్పు రాజేసి బొంగులో చికెన్ కాల్చే పాకనూ అది ఒకే గంభీరమైన చూపుతో చూస్తుంది. అయితే శాసనకర్తలు బొత్తిగా దయలేనివారు కారు. ఆహార వ్యాపారం చేసే ప్రతివారూ లైసెన్సు తీసుకోవాల్సిందేనని 31వ సెక్షన్ మొదట ఉరిమి, మరుక్షణమే రెండో ఉపసెక్షన్‌లో మెత్తబడి, చిల్లర వర్తకులను, తిరిగి అమ్ముకునేవారిని, తాత్కాలిక దుకాణదారులను ఆ బాధ్యత నుంచి తప్పించి, పేరు నమోదు చేయించుకుంటే చాలునని ఊరడిస్తుంది. ఈ నమోదునే వాడుకలో రిజిస్ట్రేషన్ అంటారు.

2011 నాటి లైసెన్సు, రిజిస్ట్రేషన్ నిబంధనలు ఏడాది అమ్మకాలు 12 లక్షల రూపాయలు దాటనివారిని ఈ చిన్నవారి జాబితాలో చేర్చి, ఏడాదికి 100 రూపాయల రుసుము నిర్ణయించాయి గనుక, డబ్బు విషయంలో ప్రభుత్వాన్ని ఆడిపోసుకోవడానికి ఎవరికీ నోరు రాదు. దరఖాస్తుదారుకు చివరికి దక్కేది 14 అంకెల సంఖ్య. అందులో మొదటి అంకె 2 అయితే అది రిజిస్ట్రేషన్ అనీ, 1 అయితే లైసెన్సు అనీ తెలిసినవారు గుర్తుపడతారు. చిక్కు దరఖాస్తులోని చిరునామా గడి దగ్గర మొదలవుతుంది. 2025లో జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు జరిగిన అరకు చలి ఉత్సవం వంటి సందర్భాల్లో వెలిసే దుకాణానికి నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్, పొగమంచు తప్ప వేరే చిరునామా ఉండదు. ఉత్సవం ముగిసిన మర్నాడు కర్రలూ టార్పాలినూ ఇంటికి చేరతాయి, పొగమంచు మాత్రమే అక్కడ మిగులుతుంది.

ఈ చిన్నవారి నిర్వచనం ఎంత విశాలమైనదంటే, మతపరమైన, సామాజికమైన సమావేశాల్లో ఆహారం పంచిపెట్టేవారిని కూడా అది తన గొడుగు కిందికి లాక్కుంటుంది, కేటరింగు వ్యాపారులను మాత్రం బయట నిలబెడుతుంది. ఈ లెక్కన పాడేరులో మే నెలలో జరిగే మోదకొండమ్మ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి గంగాళంతో పులిహోర తెచ్చి పంచే భక్తుడు, అమ్మవారి దృష్టిలో భక్తుడే అయినా, నిబంధనల దృష్టిలో చిన్నతరహా ఆహార వ్యాపార నిర్వాహకుడు అవుతాడు. లాభం లేని వ్యాపారాలు లోకంలో చాలానే ఉన్నా, లాభాపేక్షే లేని వ్యాపారాన్ని కనిపెట్టిన ఘనత మాత్రం ఈ నిర్వచనానికే దక్కాలి.

అసలైన సాహిత్యం ఆ నిబంధనల నాలుగో షెడ్యూలులో ఉంది. రిజిస్ట్రేషన్ పొందినవారు పాటించవలసిన పరిశుభ్రత నియమాల పట్టిక అది. నేల, గోడలు, పైకప్పు గట్టిగా, నునుపుగా, సులువుగా శుభ్రం చేయడానికి వీలుగా ఉండాలనీ, పెచ్చులూడే సున్నం ఉండరాదనీ, కిటికీలకూ తలుపులకూ జాలీలు బిగించాలనీ అందులో ఉంది. గోడే లేని పాకలో పెచ్చులూడే ప్రసక్తి ఉండదు కాబట్టి, ఈ నియమాన్ని దేశంలో అందరికంటే నిష్ఠగా పాటిస్తున్నవారు కొండమీద పాకలవారేనని ఒప్పుకోక తప్పదు. వ్యాపారం సాగుతుండగా ఈగలపై మందు చల్లరాదు, ఈగలు కొట్టే బద్దతోనే కొట్టాలి అనే మరో నియమం నిజంగానే వివేకమైనది, ఎందుకంటే మందు ఈగలకన్నా ముందు పులుసులో పడుతుంది. అయినా ఒక చేత్తో బొంగు తిప్పుతూ మరో చేత్తో బద్ద విసిరే మనిషికి మూడో చెయ్యి ఎక్కడిదో షెడ్యూలు చెప్పదు. వీధి వ్యాపారుల బండి పైతలం నేలకు కనీసం 60 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలన్నది ఇంకొకటి. దుమ్మూ చిందే నీళ్ళూ తిండిని తాకకూడదన్నది దీని ఉద్దేశం. నియమం రాసినవారి మనసులో ఉన్నది చదునైన రోడ్డు గనుక వాలు మీద ఆ కొలత ఎలా తీయాలో వారు చెప్పలేదు. అనంతగిరి ఘాట్ దారిలో నిలబెట్టిన బల్లకు ఎగువ కాలి వైపు 60 సెంటీమీటర్లుంటే దిగువ కాలి వైపు మీటరు దాకా ఉంటుంది. ఏ కాలి దగ్గర కొలవాలన్నది తనిఖీకి వచ్చిన అధికారి ఏ వైపు నిలబడ్డాడన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇక బొంగు సంగతి. పచ్చి వెదురు కణుపులో ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలిస్తే, వెదురులోని తేమ ఆవిరై, నూనె చుక్క లేకుండానే ముక్క ఉడుకుతుంది. నూనె లేదు కాబట్టి, వాడిన నూనెలో ధ్రువ సమ్మేళనాలు, అంటే మళ్ళీ మళ్ళీ కాగడం వల్ల పుట్టే విరిగిన పదార్థాలు, 25 శాతం మించరాదని 2018 జులై నుంచి అమల్లో ఉన్న నియమం ఈ వంటను తాకనే తాకదు. పాత్రను ఎలా కడగాలన్న ప్రశ్న కూడా రాదు, ఎందుకంటే ఆ పాత్ర ఒక్కసారే వాడి, చీల్చి, మళ్ళీ నిప్పులోనే వేసేది. అచ్చుసిరా తిండిలోకి దిగుతుందని వార్తాపత్రికల్లో తినుబండారాలు చుట్టవద్దని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2016లో దేశానికి హితవు చెప్పినప్పుడు, అడ్డాకులో వడ్డించే కొండవారు ఆ హితవును ఎన్నో తరాల ముందే పాటించేసి కూర్చున్నారు.

అయితే ఆ వెదురు ఎవరిదన్న ప్రశ్న మరో శాస్త్రం. భారత అటవీ చట్టం, 1927 వెదురును చెట్ల జాబితాలో చేర్చగా, వృక్షశాస్త్రం దాన్ని గడ్డి కుటుంబంలో పెట్టింది. 2017 నవంబరులో ఆర్డినెన్సు తెచ్చి, అడవి బయట పెరిగే వెదురును చెట్టుతనం నుంచి విముక్తి చేసేదాకా ఈ తగువు తొంభై ఏళ్ళు నడిచింది. అడవి లోపలి వెదురు మాత్రం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, అక్కడి నివాసులకు హక్కున్న చిన్నతరహా అటవీ ఫలసాయం. రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో గ్రామ సంతల నిర్వహణను గ్రామసభ, పంచాయతీల చేతిలో పెట్టింది పెసా చట్టం, 1996. ఆశీలు, అంటే సంతలో వసూలు చేసే రుసుము, ఆ దారిలో వస్తుంది. కోడి ఢిల్లీది, బొంగు అడవిది, కూర్చునే చోటు గ్రామసభది. పొగ ఒక్కటే ఇంకా ఎవరి శాఖకూ చెందకుండా తిరుగుతోంది.

ఇంత చెప్పాక నియమాలన్నీ నవ్వులాటేనని పాఠకులు అనుకుంటే పొరపాటు. ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా పెరిగే 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉష్ణోగ్రతను ప్రమాద మండలం అంటారు. నిప్పుల మీది బొంగు ఆ మండలాన్ని దాటిపోతుంది గానీ, పొయ్యి పక్కన బకెట్లో పొద్దుటి నుంచి వరుస కోసం ఎదురుచూస్తున్న పచ్చి ముక్కలు అందులోనే కాపురం చేస్తుంటాయి. అరకు చలి మధ్యాహ్నానికి ఎంత పలచబడుతుందో ఆ బకెట్టుకే తెలుసు. అదే చేత్తో పచ్చి ముక్క కూరి, అదే చేత్తో ఉల్లిపాయ తరిగి, ఒకే గిన్నె నీళ్ళలో రెండు పనులకూ వేళ్ళు ముంచడమే సాల్మొనెల్లా వంటి క్రిములకు రాజమార్గం. షెడ్యూలు సబ్బు, తాగదగిన నీరు, మూతగల చెత్తబుట్ట అని పదేపదే పాడటం వెనుక కారణం ఇదే. తాత్కాలిక దుకాణాన్ని ఒకే ఉత్సవానికి ముడిపెట్టి, వరుసగా 14 రోజులకు మించనిదిగా నిర్వచించే అమెరికా నమూనా నియమావళి కూడా గోడల దగ్గర కాస్త చూసీచూడనట్టు పోయి, చేతులు కడుక్కునే నీటి దగ్గర మాత్రం పట్టుబడుతుంది. ఆ పోలికలో మన షెడ్యూలు పైకప్పు మీద పెట్టిన శ్రద్ధలో సగం కుళాయి ఉన్న నీళ్ళ డబ్బా మీద పెట్టి ఉంటే బాగుండేది.

దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారి రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి ఆదేశించాలి. తనిఖీకి ఆదేశిస్తే 30 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు లోపల ఏ నిర్ణయమూ రాకపోతే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చు. మూడు రోజుల ఉత్సవానికి ముప్పై రోజుల మౌనం అంగీకారమవుతుందన్న సూత్రం చదివితే, ముందు ఏడాది ఉత్సవం నాడే దరఖాస్తు పెట్టడం ఎంత దూరదృష్టో అర్థమవుతుంది.

అపరిశుభ్రంగా వండినవారికి 56వ సెక్షన్ లక్ష రూపాయల దాకా జరిమానా నిర్ణయించింది. ముక్క ఎముక దాకా ఉడకడానికి పట్టే సమయాన్ని ఓర్చుకోలేక, సాయంత్రం విశాఖ రైలు తప్పిపోతుందని బొంగును సగంలోనే చీల్పించి, ఫొటో తీసుకుని, లోపల గులాబీ రంగు ముక్కను ఊదుకుంటూ తినే పర్యాటకుడికి మాత్రం ఆ చట్టంలో ఎక్కడా ఒక్క రూపాయి జరిమానా లేదు.