హిజ్లీ ప్రార్థన కూటాలకు కొన్ని తలకిందుల సలహాలు

డ్యూటీ చార్టు, పే స్లిప్పు, సీనియారిటీ లిస్టు చూస్తూ పెరిగిన, ఖరగ్‌పూర్ పక్కనున్న ఈ రైల్వే ఊరి బుర్రకు ఈ సలహాలు ఎక్కవు. పెద్దలు వింటే మతి పోయిందా అంటారు. అయినా రాస్తున్నాను. యేసు చెప్పిన ఉపమానాలను ఉన్నవి ఉన్నట్టు తీసుకుంటే తేలేది ఇదే. ఆదివారం ప్రసంగాల్లో వాటి పదును మనమే అరగదీసుకున్నాం.

ముందుగా, ప్రార్థనలో మర్యాద మానేయండి. లూకా పదకొండో అధ్యాయంలో ఒకాయన అర్ధరాత్రి స్నేహితుడి తలుపు కొట్టి మూడు రొట్టెలు అడుగుతాడు. లోపలివాడు పిల్లలతో పడుకున్నాడు, విసుక్కుంటాడు. బయటివాడు సిగ్గు విడిచి అడుగుతూనే ఉంటాడు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో రైల్వే కాలనీల్లో కాల్ బాయ్ ఇలాగే తిరిగేవాడు. డ్రైవరుకో, ఫైర్‌మ్యానుకో, గార్డుకో బండి పడితే కాల్ బుక్కు చంకన పెట్టుకుని క్వార్టరు దగ్గరికి వచ్చేవాడు. రాత్రి రెండైనా, కుండపోత వానైనా తలుపు బాదేవాడు. లోపల ఎవరు తిట్టినా పట్టించుకునేవాడు కాదు. మనిషి లేచి, దీపం పెట్టి, బుక్కులో సంతకం చేసేదాకా గుమ్మం వదిలేవాడు కాదు. దేవుడి గుమ్మం ముందు మీరూ అలాగే నిలబడండి. "నీ చిత్తమైతే" అని గొణిగి, జవాబు రాకముందే వెనక్కి తిరిగే ప్రార్థన వద్దు. లూకా పద్దెనిమిదిలో అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విసిగించిన విధవరాలు కూడా ఈ కోవలోదే.

ఆ అర్ధరాత్రి కథలో మనం దాటేసేది ఒకటుంది. తలుపు కొట్టినవాడికి ఆకలి లేదు. ప్రయాణం చేసి వచ్చిన ఇంకొకడి కోసం అతను అడుగుతున్నాడు. పూరీ నుంచి టాటానగర్ వైపు పోయే బండ్లు కొన్ని ఖరగ్‌పూర్‌లోకి రాకుండా హిజ్లీలోనే ఆగి వెళ్తాయి. చెప్పాపెట్టకుండా ఇంటికి దిగే చుట్టం ఇక్కడ కొత్త కాదు. మన కూటాల్లో వినతుల చీటీలు చూడండి: మా అబ్బాయి ప్రమోషను, మా అమ్మాయి పెళ్ళి, మా ఆయన షుగరు. అన్నీ కావలసినవే, కాదనను. కానీ ఒక శుక్రవారం కూటంలో ఎవరూ తమ ఇంటి పేరు ఎత్తకూడదని పెట్టుకోండి. పక్కింటి బెంగాలీ వాళ్ళ కోసం, స్టేషను బయట రిక్షా తొక్కేవాడి కోసం సిగ్గు లేకుండా అడగండి. కాసేపు గది నిశ్శబ్దమైపోతుంది. ఎవరి గురించి అడగాలో తెలియకే ఆ నిశ్శబ్దం. అక్కణ్ణించి మొదలుపెట్టండి.

ఇక రెండోది. సీనియారిటీని గుమ్మం బయట వదలండి. ఇది చాలామందికి నచ్చదు. బి.ఎన్.ఆర్. రోజుల్లో, అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో, ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబాలకు ఆ పేరే ఒక గౌరవం. అది పోయి 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చినా మన మాటల్లో బి.ఎన్.ఆర్. చావలేదు. "మా తాత వర్క్‌షాపులో చేరినప్పుడు" అని మొదలుపెట్టినవారికి ముందు కుర్చీ దానంతట అదే దొరుకుతుంది.

మత్తయి ఇరవైలో ద్రాక్షతోట యజమాని పొద్దున్నే వచ్చినవాడికీ, సాయంత్రం ఒక గంట ముందు వచ్చినవాడికీ ఒకే దేనారం ఇస్తాడు. యూనియన్ ఆఫీసులో ఈ కథ చెబితే గొడవైపోతుంది, అయి తీరాలి కూడా. పొద్దుటివాడి కోపం న్యాయమైనదే. కానీ దేనారం అంటే ఒక రోజు కూలి, ఒక ఇంటికి ఆ రోజు గింజలు. పనికి పిలిచేవాడు లేక సాయంత్రం దాకా బజారులో నిలబడ్డవాడి పిల్లలకు ఆకలి పన్నెండో వంతే వేస్తుందా? యజమాని గంటలు లెక్కపెట్టలేదు, కంచాలు లెక్కపెట్టాడు. పైగా చివర వచ్చినవాళ్ళకే ముందు ఇప్పించాడు. పొద్దుటివాళ్ళకు ముందే ఇచ్చి పంపేస్తే ఏ రగడా ఉండేది కాదు. వాళ్ళు చూడాలనే అలా చేశాడనిపిస్తుంది నాకు. కాబట్టి నిన్న మొన్న సంఘంలో చేరినవాడి చేత వాక్యం చదివించండి, తడబడినా సరే. పెద్దలు వెనక కుర్చీల్లో కూర్చుని వినండి.

గోధుమల్లోని గురుగులను కోతదాకా పీకొద్దన్న ఉపమానం గురించి ఒక్క మాట. సంఘంలో ఎవరిని తీసేయాలా అని రాసుకున్న కాగితం ఉంటే పొయ్యిలో వేయండి. కోతకాలం మీ చేతిలో లేదు.

విశ్వాసం పెంచుకోవాలని తాపత్రయపడకండి, సంఖ్య పెంచుకోవాలని అసలే వద్దు. ఆవగింజంత చాలన్నారు. మేదినీపూర్ పొలాల్లో పసుపుపచ్చగా పూసే ఆవమొక్కను చూస్తూనే ఉంటాం, అది దేవదారు కాదు. తెలుగు బాప్తిస్టుల చరిత్రలో అందరికీ నోటికొచ్చే అంకె 2,222. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే బాప్తిస్మం పొందినవాళ్ళు అంతమంది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు ఉన్నది ఎనిమిది మందే. దానికీ ముందు, అమెరికన్ బాప్తిస్టుల నెల్లూరు మిషన్ ఎదుగూబొదుగూ లేక 1853లో మూసేద్దామా అన్న మాట కూడా అమెరికాలో నడిచింది. ఇవన్నీ అప్పుడప్పుడు చెబుతారు. చెప్పనిది ఇంకొకటి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇచ్చాడు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. జనం వేలల్లో చుట్టూ ఉన్నారు, చేరతామంటున్నారు, ఈయన వద్దంటున్నాడు. గింజల కోసం చేరారన్న మాట వాళ్ళ మీద పడకూడదని. ఏ మిషన్ బోర్డు లెక్కలకైనా అది పిచ్చిపని. నాకు మాత్రం 2,222 కంటే ఆ ఖాళీ నెలలే గొప్పవి. మీ కూటం కూడా ఎవరికైనా బియ్యం పంచితే, ఆ రోజు కరపత్రం పంచకండి. ఆదివారం రమ్మని కూడా అనకండి.

చివరిది మన ఊరి నేల మీదదే. మత్తయి ఇరవై ఐదులో రాజు, చెరసాలలో ఉన్న తనను చూడ్డానికి కొందరు వచ్చారని, కొందరు రాలేదని అంటాడు. ఇప్పుడు ఐ.ఐ.టి.లో మ్యూజియంగా ఉన్న ఆ కట్టడం 1930లో హిజ్లీ నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబరు 16న లోపలున్న నిరాయుధ స్వాతంత్ర్య పోరాట ఖైదీల మీద బ్రిటిష్ పోలీసులు కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. శవాల కోసం సుభాష్ చంద్రబోస్ వచ్చాడు. కలకత్తాలో టాగోర్ గొంతెత్తాడు. 1951లో అదే కట్టడంలో ఐ.ఐ.టి. తరగతులు మొదలయ్యాయి. పిల్లల్ని అక్కడికి సైన్సు మోడళ్ళు చూపించడానికి తీసుకెళ్తాం. ఈసారి కూటాన్ని తీసుకెళ్ళండి. ఆ ఇద్దరి పేర్లూ పైకి పలికి ప్రార్థించండి. తరవాత, మన ప్రాంతం జైళ్ళలో ఈ రోజు ఉన్నవాళ్ళను చూడ్డానికి అనుమతి కోసం దరఖాస్తు పెట్టండి. ఆఫీసులో ఇవాళ కాదు, రేపు రమ్మంటారు. రేపు వెళ్ళండి, ఎల్లుండి కూడా. లోపలికి వెళ్ళాక ఏ కేసు అని అడగకండి. ఆ ఉపమానంలో రాజు కూడా ఆ సంగతి చెప్పలేదు. ఇంటి నుంచి ఎవరైనా వస్తున్నారా, ఉత్తరం రాయాలా అని అడగండి, కాగితం పెన్ను దగ్గర పెట్టుకోండి.