మా రోజుల్లో ఒక్క ఫాస్ఫేటు చాలేది

ఏమోయ్ అబ్బాయ్, తెర నిండా ఆ చిక్కుపడ్డ బాణాలేమిటి? కణంలో సంకేతాల నెట్‌వర్కా? అందులో ఒక్క బాణం చూపించి, ఇది కణం చేత ఏం చేయిస్తుందో చెప్పవయ్యా అంటే మాత్రం నోరు పెగలదు.

మా కాలంలో ఒక్క ఎంజైము, దానిమీద ఒక్క ఫాస్ఫేటు. సియాటిల్‌లో ఫిషర్, క్రెబ్స్ 1955 నాటికి కుందేలు కండరం నూరి రసం తీసేవారు. ఫిల్టర్ కాగితంలో వడగడితే గ్లైకోజెన్‌ను విడగొట్టే ఎంజైము చురుగ్గా ఉండేది, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మొద్దునిద్ర పోయేది. తవ్వగా తవ్వగా కాగితంలోని కాల్షియం మహిమని తేలింది. ఆ కాల్షియం మేల్కొలిపేది కైనేజ్‌ని. ఏటీపీ నుంచి ఫాస్ఫేటు తెచ్చి ఎంజైముకు తగిలించేది అదే. తగిలిస్తే ఎంజైము లేస్తుంది, ఫాస్ఫటేజ్ ఊడబీకితే పడుకుంటుంది. దీనికి నోబెల్ వచ్చింది 1992లో. మీకు ఆర్నెల్లకో పేపరు రాకపోతే నిద్ర పట్టదు.

ఫాస్ఫేటును కొలవడానికి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కేతో కలిసి 1925లోనే దారి వేశారు. నీలం ఎంత ముదిరితే అంత ఫాస్ఫేటు. ఆ నీలం మీరెవరైనా కళ్లజూశారా? రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 తెప్పించుకుంటే 14 రోజులకే సగమైపోయేది గనక, అది వచ్చిందంటే పెళ్లిళ్లూ పేరంటాలూ బంద్. తర్వాత ఎక్స్‌రే ఫిల్ముమీద మచ్చ పడేదాకా రోజుల తరబడి కాచుకోవడం. బుర్ర పనిచేసేది ఆ కాచుకోవడంలోనే. ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక్క పూటలో వేల చోట్ల ఫాస్ఫేట్లు చూపిస్తుంది, ఆలోచించే తీరికేదీ?

1979లో సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో టోనీ హంటర్ అమైనో ఆమ్లాలను విడదీయడానికి కొత్త బఫర్ కలుపుకోకుండా పాతదే వాడాడు. దాని ఆమ్లత పెరిగిపోయి ఉండబట్టి, టైరోసిన్‌మీది ఫాస్ఫేటు చుక్క విడిగా కనబడింది. అలాంటి పాత సీసాల్ని మీరు గడువు తేదీ చూసి పారబోస్తారు.

సరే, ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. మనిషి జన్యువుల్లో 518 కైనేజ్‌లున్నాయని 2002లో లెక్కతేల్చింది ఈ కంప్యూటర్లే, అది మా చేతులతో అయ్యే పని కాదు. 2001లో వచ్చిన ఇమాటినిబ్‌తో ఒక రకం రక్తకేన్సర్ రోగులు ఏళ్లకేళ్లు బతుకుతున్నారంటే మనసు నిండిపోతుంది. అయితే ఆ మందు కూడా ఒక్క కైనేజ్‌ని పట్టుకుని వేళ్లాడితేనే దొరికింది నాయనా!

అందుకే ఆ బాణాల్లో ఒకటి ఎంచుకో. ఆ ప్రొటీన్‌లో ఫాస్ఫేటు పట్టే సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని, ఫాస్ఫేటు పట్టని అలనీన్‌గా మార్చు. కణం విభజన ఆపుతుందో, కదలడం మానుతుందో, చస్తుందో కూర్చుని చూడు. ఏడాది పడుతుంది. పట్టనీ.