షడ్డకుడి గట్టు సవారీ

మా షడ్డకుడికి ఎత్తు గిట్టదు. మేడ మెట్లెక్కడానికి అభ్యంతరం లేదు, జీతం ఎక్కడానికి అసలే లేదు. సైకిలు మీద కూర్చున్నాక మాత్రం ముందు చక్రం వెనక చక్రం కంటే బియ్యపుగింజంత లేచినా ఆయన మొహం మారిపోతుంది.

ఉత్తర వర్జీనియాలో, ఆష్‌బర్న్ చుట్టుపక్కల మనవాళ్లున్న ప్రతి వీధికీ ఇలాంటాయన ఒకరుంటారు. వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. డాక్టరు కొలెస్ట్రాల్ కాగితం చేతిలో పెట్టి ఉంటాడు. పరుగుకు మోకాళ్లు ఒప్పుకోవు, జిమ్ముకు మనసు ఒప్పుకోదు. రోడ్డు మీద తొక్కుదామంటే వెనక ఏ ట్రక్కు వస్తోందోనని తిరిగి తిరిగి చూసి మెడ పట్టేస్తుంది. అలాంటి సమయంలో ఎవరో చెబుతారు, కార్లు రాని దారులున్నాయండీ, ఏటి పక్కనే, చెట్ల నీడనే అని. ఆ శనివారానికల్లా గరాజ్‌లోకి సైకిలు వచ్చేస్తుంది. కారు వెనక దాన్ని తగిలించే స్టాండు వస్తుంది. లోపల దిండు కుట్టిన లాగు కూడా వస్తుంది. ఆ లాగు మీద ఇంకో మామూలు నిక్కరు తొడుక్కోనిదే గడప దాటకూడదని మా వదినగారి ఆజ్ఞ.

నిజానికి మా షడ్డకుడి ఇంటి వెనకనుంచే ఒక మంచి దారి పోతుంది. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ అని పాత రైలు మార్గం. 1968లో రైళ్లు ఆగిపోయాక పట్టాలు పీకి 45 మైళ్ల పార్కు చేశారు. తారు కూడా నున్నగా వేశారు. ఆయన దానిమీద సరిగ్గా రెండు వారాలు తొక్కాడు. అక్కడ పందేలకు తయారయ్యే కుర్రాళ్లు వెనకనుంచి రివ్వున వస్తూ "ఆన్ యువర్ లెఫ్ట్" అని కేకేస్తారు. నీ ఎడమనుంచి దాటుతున్నాను, నువ్వు కదలకు అని దాని అర్థం. మా షడ్డకుడు చిన్నప్పటినుంచీ చెప్పినమాట వినే మనిషి. లెఫ్ట్ అనగానే లెఫ్టుకు తిప్పాడు. కుర్రాడికేం కాలేదు, ఈయన మాత్రం పొదలోంచి లేచాడు. "తమ్ముడూ, అది దారి కాదు, హైవేకి తమ్ముడు" అని ఆరోజే తీర్మానించాడు.

అయితే ఆ రెండు వారాల్లోనే ఆయనకు ఒక సిద్ధాంతం దొరికింది. రైలింజను నిటారుగా ఎక్కలేదు. కంచరగాడిద లాగే పడవ బొత్తిగా ఎక్కలేదు. కాబట్టి ఆ రెండింటికోసం వేసిన దారులు కొండ జోలికి పోకుండా నదినే పట్టుకుని నడుస్తాయి. "ఈ దేశంలో సుఖమైన సైకిల్ దారులన్నీ ఎక్కడున్నాయో చూడు. ఒకటి రైలు వదిలేసింది, ఒకటి గాడిద వదిలేసింది." సిద్ధాంతం సరైనదే. గాడిద వదిలిన చోట తాను అందుకుంటున్నానన్న సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు. నేనూ తట్టనివ్వలేదు, వరసకు అన్నయ్య.

అలా ఆయన పొటోమాక్ నది అవతల, మేరీలాండ్ ఒడ్డునున్న చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు మీద వాలాడు. జార్జ్‌టౌన్ నుంచి కంబర్లండ్ దాకా 184.5 మైళ్లు. 1828లో తవ్వడం మొదలెట్టి 1850కి కంబర్లండ్ చేర్చారు. పేరులో ఒహాయో ఉంది గానీ ఆ నది దాకా తవ్వలేదు. మా షడ్డకుడికి ఈ కాలువంటే అంత ప్రేమ అందుకే కూడా కావచ్చు. మొత్తం పొడవునా లేచే ఎత్తు 605 అడుగులు. మైలుకు మూడడుగుల చిల్లర అని ఆయన కాగితం మీద భాగించి చూపించాడు.

చిక్కంతా ఆ చిల్లర దగ్గరే ఉంది. కాలువకు 74 లాకులు. ఎత్తు మైలు మైలుకూ పంచినట్టు రాదు, దాదాపు అంతా లాకుల దగ్గరే వస్తుంది, ఒక్కొక్కచోట ఎనిమిదడుగులు. చిన్నపిల్లలు మూడు చక్రాల బళ్ల మీద కిలకిలా నవ్వుకుంటూ ఎక్కేస్తారు. మా షడ్డకుడు దిగుతాడు. దిగి, ఆయాసం బయటపడకుండా అక్కడున్న బోర్డు చదువుతాడు. కాలువ చరిత్ర ఆయనకు కంఠతా వచ్చింది ఇలాగే.

ఈ గట్టును కార్ల రోడ్డు చేద్దామనుకున్న కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. వాషింగ్టన్ పోస్ట్ ఆ రోడ్డును సమర్థిస్తూ సంపాదకీయం రాస్తే, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 'నాతో నడిచి చూసి రాయండి' అని ఆ సంపాదకులనే పిలిచాడు. 1954 మార్చిలో కంబర్లండ్ వైపునుంచి ఎనిమిది రోజుల నడక. చివరిదాకా వచ్చింది తొమ్మిదిమందే. పత్రిక మాట మార్చుకుంది, 1971లో కాలువ జాతీయ చారిత్రక పార్కు అయింది. వినేవాళ్లు ఆ తొమ్మిదిమందిని మెచ్చుకుంటారు. ఈయన మధ్యలో మానేసిన మిగతావాళ్లను మెచ్చుకుంటాడు. "కారెక్కి ఇంటికెళ్లిపోయారు చూడు, అదీ తెలివంటే."

ఈయనకో మహాయాత్ర సంకల్పం కూడా ఉంది. కంబర్లండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా ఇంకో 150 మైళ్లు పాత రైలు కట్ట మీదే దారి ఉంది. మధ్యలో 2,392 అడుగుల ఎత్తున ఒక గట్టు. అక్కడ పడ్డ వాన ఒక చినుకు అట్లాంటిక్ వైపూ, పక్క చినుకు మెక్సికో సింధుశాఖ వైపూ పోతుంది. కంబర్లండ్‌నుంచి వెళితే దాదాపు పాతిక మైళ్లలోనే ఆ ఎత్తుకు ఎక్కాలి. పిట్స్‌బర్గ్ నుంచి వస్తే అదే ఎత్తు నూట పాతిక మైళ్ల మీద సర్దుకుంటుంది. సైకిలు రైల్లో వేసుకుని పిట్స్‌బర్గ్ వెళ్లి, అటునుంచి దిగువకు రావాలని నాలుగేళ్లుగా ఎక్సెల్ తయారుచేస్తున్నాడు. అందులో పులిహోరకు వేరే కాలమ్ ఉంది.

పోయిన వేసవిలో మా అత్తగారు వచ్చారు. కోనసీమ మనిషి. ఆవిడకు ఈ గట్టు చూపించాలని ఆయన పట్టు. లీస్‌బర్గ్ దగ్గర నది దాటించే పంటు ఒకటుండేది, 2020 చివర్లో ఆగిపోయింది. ఇప్పుడు పైన పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన దాకా చుట్టు తిరిగి పోవాలి. బళ్లు లేని దారికోసం బళ్ల వరసలో గంటసేపు పాకాం. పాకినంతసేపూ ఆయన నాకు గట్టు మీది ప్రశాంతత గురించే చెప్పాడు.

అక్కడనుంచి దిగువకు, మొనాకసీ నది కలిసేచోటికి ఆరు మైళ్లు. ఈ ముక్కనే ఎందుకు ఏరాడో నాకు తర్వాత తెలిసింది. ఆ ఆరు మైళ్లలో ఒక్క లాకు కూడా లేదు. చక్రం కింద గులకరాళ్లు కరకరమంటాయి, కుడిచేతి పక్క సిల్వర్ మేపుల్ చెట్ల సందుల్లోంచి నది మెరుస్తుంది. ఎడమపక్క కాలువలో నీళ్లుండవు, నడుం లావు చెట్లుంటాయి. మనుషులు నడుస్తుంటే బెల్లు కొట్టి దాటాలని నియమం. ఆయన మనిషి కనిపించినా కొడతాడు, ఉడత కనిపించినా కొడతాడు.

వదినగారు అత్తగారినీ, టిఫిన్ క్యారేజీనీ కారులో నేరుగా మొనాకసీ దగ్గరికి తెచ్చారు. అత్తగారు చెట్లు మొలిచిన కాలువలోకి తొంగిచూసి, "ఏవండీ అల్లుడుగారూ, కాలవ కట్టేశారాండీ?" అన్నారు.

"కట్టేశారండీ."

"మళ్లీ ఎప్పుడు వదులుతారు? జూన్‌లోనా?"

"1924లో కట్టేశారండీ, వరదలొచ్చి."

ఆవిడ ఒక్క నిమిషం ఊరుకుని, "లాకులేవీ?" అన్నారు.

"ఈ ముక్కలో లేవండీ."

"లాకు లేని కాలవేవిటండీ? మా ఇంటి ముందు కాలవకి లాకుంది, లస్కరుంది. ఇదేదో గట్టొక్కటే మిగిలింది. దీనికోసం ఇంత దూరం వచ్చారా?"

షడ్డకుడు తన అసలు సరుకు తీశాడు. అక్కడ కాలువ మొనాకసీ నది మీదుగా దాటుతుంది. తెల్లరాతి కట్టడం, 1833లో పూర్తయింది, అంతర్యుద్ధంలో పేల్చబోతే పేలలేదు. "అత్తయ్యగారూ, నది మీద కాలువ! ఏడు కమానులు!"

అత్తగారు ఒడ్డుకు పోయి వేలితో లెక్కపెట్టారు. రెండోసారి కూడా లెక్కపెట్టారు.

"ఏడేనాండీ? మా గన్నవరం అక్విడెక్టుకి నలభై తొమ్మిది ఖానాలండి. పాతదానికి. ఇప్పుడు కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, ఆయ్." ఎందరికో అన్నం పెట్టిన మహాతల్లి పేరు ఎత్తగానే ఆవిడకు క్యారేజీ గుర్తొచ్చింది. "కూచోండి, ముందు తినండి."

గట్టు మీద ఒకప్పుడు కంచరగాడిదలు పడవలు లాగేవని షడ్డకుడు పులిహోర నమలుతూ చెప్పాడు. మా దగ్గర మనుషులే భుజాన తాడేసుకుని లాగేవారట, మా అమ్మ చెప్పేది, అన్నారు అత్తగారు. అని ఇంకో గరిటె వడ్డించారు. ఊరమిరపకాయలతో దద్దోజనం కూడా అయ్యాక ఆయన సిల్వర్ మేపుల్ మొదట్లో నడుం వాల్చాడు.

లేచాక వాచీ చూసుకున్నాడు. ఆకులు ఎటు కదులుతున్నాయో చూశాడు. "తమ్ముడూ, వెనక్కి అంటే ఎగువకి కదా. పైగా ఎదురుగాలి. నేను మీ వదినతో కారులో వస్తాను. సైకిలు ఆ కారులో పట్టదు. నువ్వు వెళ్లి మన కారు ఇక్కడికి తెచ్చేయ్. అందాకా దీనికి కాపలా ఉంటా."

లాకు లేదంటే గట్టు బల్లపరుపన్నమాట, ఎగువేమిటి దిగువేమిటి? ఆ మాట ఆయనతో అనలేదు, అత్తగారు వింటున్నారు. ఒక్కణ్ణే తొక్కుకుంటూ బయల్దేరాను. నోలండ్స్ ఫెర్రీ దగ్గర మంచినీళ్లకు ఆగితే ఫోన్ మోగింది. అయిదు ఫొటోలు, అన్నీ ఆయన పడుకున్నవే, కింద ఒక ప్రశ్న: 'ఎత్తు తెలుస్తోందా?'

వెనక్కి తిరిగి గట్టు చూశాను. తాడు పెట్టి గీసినట్టు చదునుగా ఉంది. నిజం చెప్పొద్దూ, కొంచెం తెలుస్తోంది.