యాంటెనా వ్రతకల్పం

ఈ వ్రతం డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలోనూ ఆ చుట్టుపక్కలా ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళ కోసం. కేబుల్ బిల్లు చూసి గుండె మీద చెయ్యి వేసుకున్న ఏ శనివారమైనా మొదలుపెట్టొచ్చు. ఇండియా నుంచి అత్తమామలు వచ్చి ఉన్న నెలల్లో చేస్తే ఫలం రెట్టింపు.

ముందు సంకల్పం. బిల్లులో చిన్న అక్షరాల్లో ఉన్న ‘బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు’ అనే పద్దు వెతకండి. గాల్లో ఊరికే వచ్చే ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ ఛానెళ్ళని తీగలో పోసి ఇచ్చినందుకు మీరు కట్టే డబ్బు అది. 1992లో వచ్చిన కేబుల్ చట్టం పుణ్యమా అని స్టేషన్ల వాళ్ళు కేబుల్ వాళ్ళని డబ్బు అడగొచ్చు. కేబుల్ వాళ్ళు మిమ్మల్ని అడుగుతారు. మీకు మాత్రం అడగడానికి ఎవరూ లేరు. ఇది చదివాక వచ్చే కోపమే సంకల్పం.

తర్వాత ఫోను. టీవీ తీసెయ్యమనగానే అవతలి అమ్మాయి, మీకేదో పెద్ద జబ్బు చేసినట్టు కంగారుగా కారణం అడుగుతుంది. తొణక్కండి. రెండూ కలిపి తీసుకుంటే ఇచ్చే తగ్గింపు ఇక ఉండదు కాబట్టి ఇంటర్నెట్ రేటు పెరుగుతుందని తియ్యగా చెబుతుంది. అదే కంపెనీ, అదే తీగ. టీవీలో మిగిలింది ఇంటర్నెట్‌లో పోయిందని అప్పుడే లెక్కలు వేసుకోకండి, శ్రద్ధ సడలుతుంది.

ఇక సామగ్రి. కాగితమంత పలచటి యాంటెనా తెచ్చి కిటికీకి అతికించండి. పెట్టె మీద ‘150 మైళ్ళు’ అని ఉంటుంది. భూమి గుండ్రంగా ఉంటుందన్న సంగతి ఆ పెట్టె అచ్చువేసినవాడికి ఎవరూ చెప్పలేదు. డాలస్ పెద్ద స్టేషన్ల టవర్లన్నీ ఊరికి నైరుతిలో సీడర్ హిల్ గుట్టల మీద ఉన్నాయి, ఫ్రిస్కోకి దాదాపు 40 మైళ్ళ దూరం. మిగతావన్నీ వచ్చి ఏబీసీ ఒక్కటే రాకపోతే గోడని తిట్టకండి. ఆ ఎనిమిదో నంబరు స్టేషన్ ఇంకా పాత వీహెచ్‌ఎఫ్ తరంగాల మీదే నడుస్తోంది. దాని అల పొడుగు ఐదడుగుల పైమాట, కాగితం ముక్కకి చిక్కదు. పొడుగు కడ్డీల చేపముల్లు యాంటెనా తేవాల్సిందే. జపాన్‌లో ఉడా, యాగి అనే ఇద్దరు 1926లో ప్రపంచానికి చెప్పింది అదే.

పెట్టె విప్పగానే మామగారు ఓ చూపు చూస్తారు. “ఇదా బాబూ! మా డాబా మీద ఇరవై ఏళ్ళు కాకులకి వదిలేశాం కదా, చెబితే విమానంలో తెచ్చేవాణ్ణి” అంటారు. నవ్వి ఊరుకోండి. ఆయనతో చాలా పని ఉంది.

ఇంటి కప్పు మీద చేపముల్లు లేచిన వారానికల్లా కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. బెదరకండి. సొంత ఇంటి మీద టీవీ యాంటెనా పెట్టుకోవడాన్ని సంఘాలు అడ్డుకోకూడదని 1996లోనే ప్రసారాల మీద పెత్తనం చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నియమం చేసింది. ఆ ముక్క దర్జాగా రాసి పంపండి. రెండో ఉత్తరంలో యాంటెనా ఊసు ఉండదు, మీ గడ్డి మూడంగుళాలు ఎక్కువ పెరిగిందని ఉంటుంది. గడ్డి గురించి ఎఫ్‌సీసీ ఏమీ అనలేదు.

అసలు చిక్కు దిక్కుతో. సీడర్ హిల్ మనకి దక్షిణం. యాంటెనా మొహం దక్షిణానికి తిప్పగానే “యమస్థానం బాబూ” అని నిచ్చెన కింద నుంచి కేక వినిపిస్తుంది. టవర్లు కాస్త పడమరకే ఒరిగి ఉన్నాయనీ, కాబట్టి ఇది నైరుతి అవుతుందనీ, నైరుతిలో బరువుంటే ఇంటికి మంచిదేననీ చెప్పండి. ఫోన్‌లో దిక్సూచి మాత్రం చూపించకండి.

నైరుతి అన్నాక ఆయనే పైకెక్కుతారు. పడతారేమో అని మీరు కంగారుపడతారు గానీ, శుక్రవారం చిత్రలహరి కోసమూ, 1987లో ఆదివారం పొద్దున్నే రామాయణం కోసమూ పిట్టగోడ ఎక్కి గొట్టం తిప్పిన చేతులవి. చెవిలో పెట్టుకునే బ్లూటూత్ ఇస్తే జేబులో వేసుకుంటారు. “వచ్చిందా?” అని పైనుంచి అరుస్తారు. “రాలేదు!” అని హాల్లోంచి అత్తగారు. మధ్యలో మెట్ల మీద మీ అబ్బాయి, అందించడానికి. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూస్తే చెయ్యి ఊపండి.

ఒక్క తేడా మాత్రం ఆయనకి ముందే చెప్పాలి. ఆ రోజుల్లో చీమలు పాకుతున్నా వెనకాల వార్తలు చదివే మనిషి లీలగా కనబడేది. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12న డిజిటల్‌కి మారిపోయాయి. ఇప్పుడు వస్తే అద్దంలా వస్తుంది, లేకపోతే బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగి నల్లబడుతుంది. “కొంచెం వచ్చింది” అనే మాటే లేదు. అత్తగారికి ఇది మింగుడుపడదు. “కొంచెం రావాలి కదా, తర్వాత సరిచేసుకుంటాం” అంటారు.

అంతా కుదిరాక ఛానెళ్ళు వెతికించండి. వాతావరణం, వంటగిన్నెలు అమ్మే ఛానెల్, స్పానిష్ సీరియళ్ళు, నలుపు తెలుపు కౌబాయ్‌లు, ఆదివారం ఫుట్‌బాల్ అన్నీ ఉచితం. తెలుగు సీరియల్ ఏ నంబరులో వస్తుందని అత్తగారు అడుగుతారు. రాదని చెప్పే ధైర్యం మీకు ఉండదు కాబట్టి ఆ సాయంత్రమే నెలవారీ చందా కట్టి తెలుగు యాప్ పెట్టించండి. పెంచిన రేటు ఇంటర్నెట్ ఉండనే ఉంది.

చివరగా నైవేద్యం. మామగారు గొట్టం పట్టుకున్నంతసేపూ ఏబీసీ అద్దంలా వస్తుంది. వదలగానే పోతుంది. హాల్లోంచి “ఆఁ ఆఁ, అలాగే ఉండండి, కదలకండి!” అని వినిపించినప్పుడు మజ్జిగ గ్లాసు నిచ్చెన దగ్గరికే పంపండి. ఉప్పు కాస్త ఎక్కువ వెయ్యండి, ఎండగా ఉంది.