రాత్రి పదకొండుకు తుస్సుమనిపించే తమ్ముడికి

తమ్ముడూ,

నీ పేరు నాకు తెలియదు. రాబర్ట్‌సన్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు గానీ, అడగలేదు. నీ కారు తెలుసు, దాని గొంతు ఇంకా బాగా తెలుసు. రాత్రి పదకొండు దాటాక బేత్మంగళ వైపు నుంచి వచ్చి, ఆండర్సన్‌పేట దారి పట్టే ముందు గేరు మార్చడానికి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తావు. 'ప్ష్‌ష్' అంటుంది. కుక్కలు అందుకుంటాయి. మళ్ళీ తొక్కుతావు, మళ్ళీ తీస్తావు. తొక్కేది కారు నడవడానికి, తీసేది మేం వినడానికి అని వీధి వీధంతటికీ అర్థమైపోయింది.

నీకు బుద్ధి చెబుదామని కాదు ఈ ఉత్తరం. టర్బో బండ్లంటే నాకూ ఇష్టమే. నా షెడ్డులో సగం పని వాటిదే. అందుకే సంస్కారం సంగతి నీ ఇంట్లోవాళ్ళకు వదిలేసి, ఆ 'ప్ష్‌ష్' అనే వాల్వు సంగతి మాట్లాడుకుందాం.

సైలెన్సర్‌లోకి పోయే వేడి పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో బయటి గాలిని ఒత్తి ఇంజన్లోకి తోయడం టర్బో పని. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూచీ 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన ఇది. చిన్న కార్లలో ఆ ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. నువ్వు కాలు తీయగానే థ్రాటిల్ మూత పడుతుంది, చక్రం మాత్రం ఆగదు. ఒత్తిన గాలికి ముందు దారి మూసుకుపోతే వెనక్కి తిరిగి టర్బో రెక్కల మీదే పడుతుంది. ఆ పోటు తప్పించడానికే వాల్వు. ఇంజన్లోకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్న పైపులో వాక్యూమ్ పుట్టగానే అది తెరుచుకుంటుంది.

ఇంతవరకు ఏ వాల్వయినా ఒకటే. బయటపడ్డ గాలి ఎటు పోతుందన్న దగ్గరే తేడా. మామూలుగా కంపెనీ పెట్టే వాల్వు ఆ గాలిని ఒక పైపులోంచి మళ్ళీ టర్బో నోటి దగ్గరికే చేరుస్తుంది. నువ్వు పెట్టించింది బానెట్ కింద ఊదేస్తుంది. నీకు ముద్దొచ్చే శబ్దం అదే. దానివల్ల గుర్రపుశక్తి ఒక్కటి కూడా పెరగదు.

నీ కారులో ఫిల్టర్ పక్కన గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ ఉందా? ఉంటే కథ ఇంకా ఉంది. లోపలికి వచ్చిన గాలినంతా అది లెక్కపెట్టి కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ ఆ లెక్కకు సరిపడా పెట్రోలు పోయిస్తుంది. పెళ్ళి పందిట్లో గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టి వంటవాడికి చెప్పాక, కొందరు పెరటి దారిన వెళ్ళిపోతే వండిందంతా ఏమవుతుంది? ఇక్కడ మిగిలిపోయేది పెట్రోలు. మిక్చర్ రిచ్ అవుతుంది, అంటే గాలికి మించి పెట్రోలు పడుతుంది. గేరు మారే క్షణంలో బండి ఒక్క కుదుపు కుదుపుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటాలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ఆ డబ్బా ధర ఎంతో షోరూములో ఒకసారి అడిగి చూడు.

'నాది మాప్ సెన్సార్ బండి అన్నా, దానికేం కాదు' అంటావేమో. నిజమే. మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని బట్టి లెక్క కట్టే బండిలో పైన చెప్పిన గొడవ పెద్దగా ఉండదు. అబద్ధం చెప్పి నిన్ను భయపెట్టను. కానీ నీ ఊరేదో మరిచిపోకు.

ఈ బంగారు గనుల ఊళ్ళో గాలిని ఒత్తి పని చేయించడం నీతో మొదలుకాలేదు. జాన్ టేలర్ కంపెనీ గనులు తవ్వడానికి 1880లో అడుగుపెట్టింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి లోతుకు దిగేదాకా, రాయిని తొలిచిన డ్రిల్లులు నడిచింది ఒత్తిన గాలితోనే. పైన కంప్రెసర్ హౌసులు, అక్కడి నుంచి షాఫ్టుల్లోకి పైపులు. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు నూట యాభై కిలోమీటర్లు తీగలు లాగి కరెంటు తెచ్చింది ఈ గనుల కోసమే. బెంగళూరుకు దీపాలు ఆ తర్వాత. మా నాన్న పని కంప్రెసర్ హౌసులోనే. ఎక్కడైనా జాయింటు దగ్గర 'ఉస్స్' వినిపిస్తే స్పానర్ పట్టుకుని లేచేవాడు. ఒత్తిన గాలి ఊరికే రాదు, దానికి కరెంటు బిల్లు ఉంది. కారిపోతే అడుగున డ్రిల్లు పట్టుకున్నవాడి చేతిలో బలం తగ్గుతుంది. ఇదే ఊళ్ళో పుట్టి, డబ్బిచ్చి మరీ లీకు పెట్టించుకున్నావు నువ్వు! ఏమప్పా, నవ్వాలా ఏడవాలా?

ఇక దుమ్ము. ఈ ఊళ్ళో నీ వాల్వు మీద నాకున్న అసలు కోపం దీని గురించే. మనం సైనైడ్ దిబ్బలంటాం కదా, నువ్వూ నీ స్నేహితులూ రీళ్ళు తీసుకునే బూడిదరంగు కొండలు. బంగారం తీశాక పారబోసిన రాతిపిండి అది. మిల్లుల్లో పిండి చేసి, సైనైడ్ నీళ్ళలో నానబెట్టి, బంగారం లాగేసుకుని పోసిన గుట్టలు. అందులో ఎక్కువ పాలు క్వార్ట్జ్ రాయే. గాలికాలంలో ఆ పొడి ఇళ్ళ మీదికి, బావుల మీదికి, ఆరేసిన బట్టల మీదికి ఎలా లేస్తుందో నీకు చెప్పాలా. గనిలో ఇలాంటి రాతిదుమ్మే ఎందరి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అయిందో ఈ ఊళ్ళో ప్రతి లైనులో (గని కార్మికుల ఇళ్ళ వరుసలో) ఒక కథ ఉంది.

ఐడిల్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ ఎక్కువ. బయటికి వదిలే వాల్వులో స్ప్రింగు మెత్తగా ఉంటే, సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు కూడా అది కాస్త తెరుచుకునే ఉంటుంది. అప్పుడు టర్బో ఇంకా ఒత్తడం మొదలుపెట్టదు. థ్రాటిల్ ముందున్న పైపులో ఒత్తిడి బయటికంటే తక్కువ. కాబట్టి గాలి బయటికి పోదు, ఫిల్టర్ మొహం చూడని గాలి లోపలికి వస్తుంది. దాంతోపాటు ఆ పిండి కూడా. రాతిపిండి సిలిండర్ గోడను, పిస్టన్ రింగులను ఏం చేస్తుందో ఎమరీ కాగితం పట్టినవాడికి చెప్పనక్కర్లేదు. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఈ వాల్వు పెట్టుకున్నవాడికి ఇంత నష్టం లేకపోవచ్చు. మన మారికుప్పంలో ఉంది.

మీ జట్టులో డీజిల్ బండివాడు ఒకడున్నాడు, వాడిదీ 'ప్ష్‌ష్' అంటుంది. మామూలు డీజిల్‌లో యాక్సిలరేటర్ వదిలినా నీ బండిలోలా థ్రాటిల్ మూత పడి గాలిదారి మూసుకుపోదు, కాబట్టి అక్కడ ఈ వాల్వుకు పనే లేదు. వాడు కొన్నది స్విచ్చుతో మోగే కిట్టు. అది డబ్బింగు. వాడికి వేరే ఉత్తరం రాయను.

చట్టం గురించి రెండు ముక్కలే. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం గురించి. 190(2) శబ్దం, పొగ ప్రమాణాలు మీరడం గురించి: మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా లేదా రెండూ, లైసెన్సు మూడు నెలలు పక్కన. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా హద్దు 45 డెసిబెళ్ళు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి, తెలిసీ ఏం కాలేదు కూడా. అందుకే వాటి మీద నాకంత నమ్మకం లేదు.

అంతకంటే, లైన్లలోకి వచ్చి చూడు. ఒకే గది, సన్న గోడలు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఈ ఊరి పని బెంగళూరుకు వెళ్ళిపోయింది, మనుషులు మాత్రం ఇక్కడే పడుకుంటారు. చీకటితోనే లేచి మారికుప్పంలోనో, ఊరుగాంలోనో, కోరమండల్‌లోనో రైలెక్కి, బంగారుపేట మీదుగా పోయి, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళకు నిద్ర దొరికేది నువ్వు తిరిగే ఆ వేళలోనే.

ఇప్పుడు పని. వాల్వు వద్దనడం లేదు. పాతదానిలో రబ్బరు పొర చిరిగి బూస్టు (టర్బో ఒత్తిన గాలి) కారుతుంటే మార్చాల్సిందే, లోహపు పిస్టన్ రకం పెట్టుకున్నా తప్పులేదు. కానీ గాలిని తిరిగి పంపే రకం తీసుకో. సగం బయటికి, సగం లోపలికి వదిలే 'రెండు నోళ్ళ' వాల్వు తీసుకుని నన్ను మోసం చేయకు. దాని బయటి నోటికి బిరడా దొరుకుతుంది, బిగించు. తిరుగు పైపు ఫిల్టర్, మాఫ్ సెన్సార్ రెండూ దాటాక, టర్బోకు ముందు కలవాలి. ఈ వరుస తప్పితే చేసిన పనంతా వృథా. వాక్యూమ్ పైపు థ్రాటిల్‌కు ఇంజన్ వైపునుంచే తీయాలి. స్ప్రింగు మరీ బిగిస్తే కాలు తీసినప్పుడు టర్బో 'తుతుతు' అని వణుకుతుంది, మరీ వదులైతే బూస్టు నిలవదు. క్లాంపులన్నీ బిగించాక పైపుల్లోకి కొద్ది ఒత్తిడితో గాలి పట్టి, జాయింట్లకు సబ్బునీళ్ళు రాసి బుడగలు చూడు. తర్వాత ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి నడిపి చూడు, గేరు మారేటప్పుడు కుదుపు పోయి ఉంటుంది.

కంపెనీ పైపు పారేశావా? చాసీ నంబరు చెబితే పార్టుల కౌంటర్‌లో తెప్పిస్తారు. బిగించడానికి నా షెడ్డుకు రా, కూలీ తీసుకోను. గురువారం మాత్రం రాకు, ఆ రోజు సెలవు.

ఇట్లు,
పక్క వీధి మెకానిక్ అన్న