నన్ను తుపాకీ అన్నారు

డబ్బా మీద నా పేరు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. పిల్లలకు అంత పేరు నోరు తిరగలేదు. మొదటి రోజే జ్వరం తుపాకీ అనేశారు. తెలంగాణలో ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను కొలువుకెక్కింది 2021 ఫిబ్రవరి 1న, సోమవారం. 2020 మార్చి 16 నుంచి మూతపడిన బడి ఆ రోజు తొమ్మిది, పది తరగతుల కోసం గేటు తీసింది. లోపల పంచాయతీ సఫాయి కార్మికులు చల్లిన మందు వాసన ఇంకా పోలేదు. బయట సున్నంతో గీసిన వలయాలు. వలయానికి ఒకరు నిలబడాలి. ఇద్దరేసి నిలబడి, సారు అటు తిరగ్గానే ముగ్గురయ్యారు. పది నెలల ముచ్చట్లు బాకీ ఉన్నాయి మరి.

నన్ను పట్టుకున్నది పీఈటీ సారు. వరసలో ముందున్నవాడు నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తాడు. వెనకాల నవ్వులు. ఒకమ్మాయి మాత్రం కళ్లు గట్టిగా మూసుకుంది.

ఆ భయం పిల్లలది కాదు, వాట్సాప్‌ది. మనవరాలి వెంట అంగీకార పత్రం పట్టుకొచ్చిన తాత సారును అడ్డుకున్నాడు. "సారూ, దాని కిరణం మెదడుకు ఎక్కుతదంట. చేతికి పెట్టు." అయ్యా, నా నుంచి ఏ కిరణమూ పోదు. ఒంట్లోంచి వేడి దానంతటదే కిరణాలుగా బయటికి వస్తూ ఉంటుంది. నా కంటి వెనకున్న చిన్న సెన్సర్ దాన్ని పట్టుకుని అంకెగా మారుస్తుంది. నేను చూసేదాన్నే కానీ పేల్చేదాన్ని కాదు. నాకు తుపాకీ ఆకారం ఎందుకిచ్చారో చేసినవాళ్లనే అడగాలి.

నేను చూసేది నుదుటి చర్మాన్నే. లోపలి వేడి ఎంతుంటుందో అక్కణ్నుంచి లెక్కగడతాను. అందుకే ఎండలో నా మాట నమ్మరాదు. ఒక తొమ్మిదో తరగతి పిల్ల, వాళ్ల ఊరికి బస్సు ఇంకా రాక, మూడు కిలోమీటర్లు నడిచొచ్చింది. నేను 100.2 చూపించాను. సారు మొహం మారింది. పిల్ల మొహం అంతకంటే ముందే మారింది. "మళ్ల ఇంటికి పంపిస్తరా సార్?" గొంతులో జ్వరం లేదు, ఏడుపుంది. "పో బిడ్డా, ఆ యాపచెట్టు కింద జర కూసో" అన్నాడు సారు. ఆమె సొంత సీసాలోని నీళ్లు తాగి, చున్నీతో నుదురు తుడుచుకుంటూ, పది నిమిషాలూ నావైపే చూస్తూ కూర్చుంది. మళ్లీ చూస్తే 98.1. తరగతి గదికి నడవలేదు, ఉరికింది.

నా తప్పూ ఒకటి చెప్పాలి. నాలో ఒక మీట ఉంది. ఒకవైపు ఒంటి వేడి, ఇంకోవైపు వస్తువుల వేడి. ఒక రోజు ఎవరి వేలు తగిలిందో, వస్తువుల వైపు జరిగింది. ఆ పొద్దున అందరికీ 91, 92. సారు శ్రద్ధగా రిజిస్టర్ నింపేశాడు. హెడ్మాస్టరు గారు సంతకం పెట్టబోతూ ఆగి, "వీళ్లందరు బతికే ఉన్నరా?" అన్నారు.

ఇంకో నిజం. నేను సరేనన్నానని కరోనా లేనట్టు కాదు. జ్వరం రాకుండానే దాన్ని మోసుకొచ్చేవాళ్లు నాకు దొరకరు. పొద్దున్నే గోళీ వేసుకొచ్చినా దొరకరు. అసలు కాపలా కాసినవి తెరిచిన కిటికీలు, మూతికి మాస్కులు, గదికి ఇరవై మందే అన్న లెక్క. అదీ మధ్యాహ్న భోజనం దాకానే. పళ్లెం చేతికి రాగానే మాస్కు గడ్డం కిందికి, స్నేహితుడు పక్కకి.

మరి నావల్ల జరిగిందేమిటంటే, సారు రోజూ ప్రతి పిల్లవాడి ముందు రెండు క్షణాలు ఆగాడు. నన్ను పెట్టాలంటే తల ఎత్తించాలి, ఎదురుగా చూడాలి. అట్లా చూసినప్పుడే ఒక పదో తరగతివాడి అరచేతులు ఆయన కంటపడ్డాయి. నేను 97.8 అని చూపిస్తున్నాను, సారు నావైపు చూడనే లేదు.

"ఏందిరా ఈ చేతులు?"

"సుతారి పనికి పోయిన సార్."

"టీవీల పాఠాలు చూడలే?"

"పొద్దుగాల పనికి పోతే మాపటికే వచ్చుడు సార్. ఫోన్ల చూద్దామంటే అది నాయిన జేబుల ఉంటది."

యాదగిరి ఛానల్లో, టీశాట్‌లో సెప్టెంబరు నుంచి పాఠాలు వస్తూనే ఉన్నాయి. ఆ ఇంట్లో మాత్రం చూసేవాళ్లు లేరు. ఆ రోజు నుంచి సారు వాణ్ని రోజూ ఒక మాట ఎక్కువే అడిగేవాడు. వరస ఆలస్యమయ్యేది, వెనకున్నవాళ్లు గునిసేవాళ్లు.

మార్చి 24న మళ్లీ తాళం. నేను డబ్బాలోకి. పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాస్. ఆ చేతులవాడు మళ్లీ గేటు దగ్గరికి రాలేదు, రావాల్సిన పనీ లేదు.

సెప్టెంబరు 1న తీసినప్పుడు నా బ్యాటరీలు చచ్చి ఉన్నాయి. సారే సొంత డబ్బుతో కొన్నాడు. ఈసారి ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలూ వచ్చారు. చివరిసారి వాళ్లు బడిలో కూర్చున్నది నాలుగో తరగతిలో. ఐదో తరగతి బడిగడప తొక్కకుండానే అయిపోయింది. ఒకడు నా ముందు నుదురు పెట్టి, "సార్, పాస్ అయిన్నా?" అన్నాడు.

ఇప్పుడు నేను ఫిజిక్స్ సారు బీరువాలో ఉంటాను. పిల్లలు మీట వస్తువుల వైపు జరిపి, వంటషెడ్డు రేకులకూ, యాపచెట్టు నీడకూ వేడి చూస్తుంటారు. మొన్న ఒకడు దొంగచాటుగా వెళ్లి పీఈటీ సారు బట్టతలకు గురిపెట్టాడు. 94.6 వచ్చింది. సారు తిరిగి చూశాడు, తిట్టలేదు.

"రిజిస్టర్ల రాసుకోరా" అన్నాడు.